సెన్సరీ ప్రాసెసింగ్ డిజార్డర్‌కు గుర్తింపు: వినతిపత్రంలో ఏం అడగాలి?

వర్తూరు అమ్మ:
బెంగళూరులో ఉంటున్న తెలుగు తల్లిదండ్రులం కొందరం కలిసి కేంద్రానికి వినతిపత్రం రాస్తున్నాం. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో సెన్సరీ ప్రాసెసింగ్ డిజార్డర్‌ను, అంటే శబ్దం, స్పర్శ లాంటివాటికి అతిగానో తక్కువగానో స్పందించే ఇబ్బందిని, కూడా చేర్చాలన్నది కోరిక. ఎవరికి పంపాలి? ఈలోగా "సర్టిఫికెట్ లేదు, ఏ సదుపాయమూ ఇవ్వలేం" అంటున్న స్కూళ్లకు ఏం జవాబివ్వాలి?

చట్టం చదివే మనిషి:
జాబితా మార్చే అధికారం కర్ణాటక ప్రభుత్వానికి లేదండీ. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖలో దివ్యాంగుల సాధికారత విభాగం ఉంది, దాని కార్యదర్శికి పంపండి. చట్టం షెడ్యూల్ చివర 6వ అంశం చూడండి: కేంద్రం నోటిఫై చేసే మరే ఇతర వర్గమైనా అని ఉంది. అంటే పార్లమెంటులో సవరణ అక్కర్లేదు, నోటిఫికేషన్ చాలు. ఆ అంశాన్ని మొదటి పేరాలోనే ఎత్తి రాయండి.

స్కూలు విషయం వేరు, దానికి జాబితా దాకా ఆగనక్కర్లేదు. చట్టం సెక్షన్ 2(ఎస్)లోని వికలాంగుల నిర్వచనం ఆ 21కే కట్టుబడి లేదు. దీర్ఘకాలిక ఇబ్బంది, దానికి తోడు చుట్టూ ఉన్న అడ్డంకులు, ఇదే దాని కొలత. వికాస్ కుమార్ వర్సెస్ యూపీఎస్సీ కేసులో (2021) సుప్రీంకోర్టు రాయలేని అభ్యర్థికి స్క్రైబ్‌ను (బదులుగా రాసే సహాయకుణ్ని) అనుమతిస్తూ, 40 శాతం వైకల్యం ఉన్నవాళ్లకే అనే షరతును ఒప్పుకోలేదు. సెక్షన్ 16 ప్రకారం ప్రభుత్వ నిధులు లేదా గుర్తింపు ఉన్న స్కూళ్లు పిల్లల అవసరాన్ని బట్టి సదుపాయం కల్పించాలి. కాదంటే ఆ మాట ఈమెయిల్లో రాయించుకోండి. నోటిమాటతో రాష్ట్ర వికలాంగుల కమిషనర్ దగ్గరికి వెళ్తే ఫిర్యాదు నిలవడం కష్టం.

ఓటీ, మారతహళ్ళి:
ఆక్యుపేషనల్ థెరపిస్టుగా (ఓటీ) చెబుతున్నాను, వినతిపత్రంలో ఒక బలహీనత దాచకండి. అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ గ్రంథం డీఎస్ఎం-5లో (2013) గానీ, 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ-11లో గానీ దీనికి విడి రోగనిర్ధారణ లేదు. దీన్ని రోగనిర్ధారణగా వాడొద్దని అమెరికన్ పిల్లల వైద్యుల అకాడమీ 2012లోనే చెప్పింది. ఇవే లక్షణాలు ఆటిజంలో, ఏడీహెచ్‌డీలో (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం), ఆందోళనలో కూడా కనిపిస్తాయి, హద్దు ఎక్కడ గీయాలో ఏకాభిప్రాయం లేదు. ఈ మాట మీరు రాయకపోతే సమీక్షించే డాక్టరు రాస్తారు, ఫైలు అక్కడే ఆగుతుంది. అందుకే ఈ డిజార్డర్‌లోని రకాలన్నీ కలిపి అడక్కండి. శబ్దం, స్పర్శ లాంటివాటికి అతిగా స్పందించడం ఒక్కటే ముందు అడగండి. చిన్నపిల్లల కోసం 2016లో వచ్చిన డీసీ:0-5 వర్గీకరణలో దానికి విడి స్థానం ఉంది. శాతం లెక్కించే భారతీయ కొలమానం లేకుండా సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదు. కాబట్టి దాన్ని తయారు చేసే బాధ్యత బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌కు, చెన్నై ముట్టుకాడులోని వికలాంగుల జాతీయ సంస్థ నీప్‌మెడ్‌కు అప్పగించాలని కోరండి.

స్కూలుకిచ్చే రిపోర్టులో పేరు కన్నా పని ముఖ్యం. ఇంద్రియ స్పందనలను కొలిచే ప్రశ్నావళి సెన్సరీ ప్రొఫైల్-2 స్కోర్లు రాయించండి, కానీ వాటి ప్రమాణాలు అమెరికా పిల్లలవి. కనుక క్లాసులో, లంచ్ హాల్లో చూసిన పరిశీలన కూడా ఉండాలి. వినికిడి పరీక్ష చేయించి జతచేయండి. "సెన్సరీ సపోర్ట్ కావాలి" అంటే ఎవరికీ అర్థం కాదు. అసెంబ్లీలో ఇయర్ మఫ్స్‌కు అనుమతి, ఫైర్ డ్రిల్‌కు ముందురోజే సమాచారం, యూనిఫాం లోపల కుట్లు గుచ్చుకోని కాటన్ బనీను, 40 నిమిషాల పీరియడ్లో 3 నిమిషాల నడక: ఇలా అడగండి. ఇయర్ మఫ్స్ మాత్రం రోజంతా వద్దు, మామూలు శబ్దాలు కూడా భరించలేనివిగా మారే ప్రమాదం ఉంది.

వర్తూరు అమ్మ:
చాలా థాంక్సండీ. ఆటిజం సర్టిఫికెట్ తెచ్చుకుంటే సులువని కొందరు సలహా ఇస్తున్నారు.

ఓటీ, మారతహళ్ళి:
ఆ దారి పట్టకండి. భారత్‌లో ఆటిజం తీవ్రతను కొలవడానికి వాడే ఐసా పరీక్షలో 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70కి చేరకపోతే ఆటిజం లేదని అర్థం. ఆరు విభాగాల్లో ఇంద్రియాలకు సంబంధించింది ఒక్కటే, కాబట్టి ఈ ఇబ్బంది మాత్రమే ఉన్న పిల్లలకు 70కి చేరడం కష్టం. మార్కులు పెంచి రాయిస్తే బిడ్డకు అక్కర్లేని థెరపీలు మొదలవుతాయి, అసలు కష్టం పక్కకు పోతుంది.