సొంతూరు ఉండగా డబ్బులిచ్చి పరాయి తోటలో వారం రోజులు ఉండటం తప్పా? (చిన్నపిల్లలతో కోనసీమ, మే నెల)

ఇద్దరుపిల్లల_అమ్మ:
నమస్తే అండి. మేం హైదరాబాద్‌లో ఉంటాం, పాపకి ఆరేళ్ళు, బాబుకి మూడున్నర. మే రెండో వారంలో అంబాజీపేట దగ్గర ఒక కొబ్బరితోటలో వారం రోజులకి గది బుక్ చేశాం. తోట మధ్యలో పెంకుటిల్లు, రెండు గేదెలు, ఒక దూడ, కోళ్ళు, వంట వాళ్ళే చేసి పెడతారు. రాజమండ్రిలో రైలు దిగి రావులపాలెం మీదుగా కారులో వెళ్ళిపోతాం. ప్లాన్ అంటూ ఏం లేదు, పొద్దున్నే పాలు తీయడం చూడాలి, మధ్యాహ్నం నిద్రపోవాలి, ఎండ తగ్గాక గట్ల మీద తిరగాలి, అంతే. చిక్కల్లా ఏంటంటే మా అత్తగారి ఊరు అక్కడికి అరగంటే, బావగారూ అక్కా అక్కడే వ్యవసాయం చేసుకుంటున్నారు. "ఇల్లు పెట్టుకుని పరాయివాళ్ళ అరుగు మీద డబ్బులిచ్చి పడుకుంటారా" అని మా ఆడపడుచు ఫోన్లో గట్టిగానే అడిగింది, అప్పట్నుంచి మనసు మనసులో లేదు. మేం చేసేది తప్పా? పిల్లలకి ఏం జాగ్రత్తలు తీసుకోవాలో కూడా చెప్పండి.

లంకరైతు:
అడిగారు కాబట్టి చెప్తున్నానండి, ఏమీ అనుకోవద్దు. తప్పే. మాది కొత్తపేట వైపు, నాలుగెకరాల వరి, ఎకరన్నర కొబ్బరి. మొన్న సంక్రాంతికి మా తమ్ముడు పిల్లల్ని తీసుకొచ్చి మా ఊరికి రెండూళ్ళ అవతల ఇలాంటి తోటలోనే నాలుగు రోజులున్నాడు, కనుమ నాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం చూసుకున్నాడు, మా ఇంటికొచ్చి గంటసేపు కూర్చుని కాఫీ తాగి వెళ్ళిపోయాడు. పిల్లలకి దూడని చూపించడానికి ఎవరికో డబ్బు కట్టాడు, మా దూడ ఇక్కడ గుంజకి కట్టేసి ఉంది. ఊళ్ళో నలుగురూ అడిగితే నేనేం చెప్పాలి? మీ బావగారి పరిస్థితీ అదే, ఆలోచించుకోండి.

గోదారిగట్టు:
మే అంటే ముంజల సీజన్, పిల్లలకి లేత ముంజలు పెట్టండి, ముదురువి పెడితే కడుపునొప్పి వస్తుంది. కొబ్బరాకుతో బూర చేసివ్వమని తోటలో ఎవర్నైనా అడగండి, వారమంతా ఊదుతూనే ఉంటారు.

కాకినాడ_నర్సు:
తప్పా ఒప్పా అన్నది మీ ఇంటి సంగతి, నేను పిల్లల వార్డులో పనిచేస్తాను కాబట్టి నాకొచ్చిన డౌట్ ఒక్కటే. ఆ ఇంటికీ దగ్గర్లో ఉన్న కాలవకీ మధ్య ఏముంది? గేటుందా? ఫొటోల్లో గేదెలూ కోళ్ళూ చూపిస్తారు, పెరటి గుమ్మం చూపించరు. బుక్ చేసేముందు అడిగారా?

లంకరైతు:
నర్సు గారూ, మే నెలలో కాలవల్లో నీళ్ళెక్కడివండి? దాళ్వా, అంటే రబీ వరి, నీటి తడులు అయిపోగానే ఏప్రిల్‌లో కట్టేస్తారు, గుర్రపుడెక్క తీయాలన్నా షట్టర్లు బాగుచేయాలన్నా అప్పుడే, మళ్ళీ జూన్‌లోనే వదిలేది. పిల్లలు కాలవ అడుగున క్రికెట్ ఆడుకుంటారు. తెలియకుండా భయపెట్టకండి.

కాకినాడ_నర్సు:
నేను పుట్టింది రామచంద్రపురంలో, కాలవలు నాకూ తెలుసు. కట్టేశాక కూడా తూముల దగ్గర, లాకుల కింద, పూడిక తీసిన గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి, పైన నాచు కప్పేసి నేలలాగే కనిపిస్తుంది. అసలు కాలవ దాకా ఎందుకు, దొడ్లో కుడితి గోలెం ఉంటుంది కదా, మూడేళ్ళ పిల్లాడు తల కిందకి పెట్టి వంగితే అది చాలు. డబ్ల్యూహెచ్‌ఓ కూడా చెప్పేది ఇదే, నీళ్ళలో పడి పోయేవాళ్ళలో ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లలే ఎక్కువ అని. చప్పుడు కూడా రాదు. వాళ్ళమ్మ పక్కగదిలోనే ఉంటుంది.

లంకరైతు:
కుడితి గోలెం మీద చెక్క మూత ఉంటుందండి, అంత తెలివితక్కువ వాళ్ళమా. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి ఈ ఊళ్ళన్నీ కాలవ గట్లు పట్టుకునే పెరిగాయి, ఇంటి ముందు కాలవో వెనక కాలవో లేని ఊరు డెల్టాలో చూపించండి. స్నానం అక్కడే, గేదెలు కడిగేది అక్కడే, వినాయకుణ్ణి కలిపేదీ అక్కడే. మా తాతలూ మేమూ అక్కడే ఈదాం. ఇప్పుడు పట్నం నుంచి పిల్లలొస్తున్నారని ఊరంతటికీ కంచె కట్టాలా?

తోట_కుర్రాడు:
నేను ఇలాంటి తోటే నడుపుతున్నానండి, మా నాన్నగారి పొలం. తెల్లదోమ పట్టాక కాయ తగ్గింది, కాయలు దింపే కూలి మాత్రం పెరిగింది, రెండు గదులు కట్టాక ఇంట్లో కాస్త డబ్బు కనిపిస్తోంది. మేం పాటించేవి చెప్తా. గెస్టులున్న రోజుల్లో దింపు పెట్టం, దింపు లేకపోయినా కాయలున్న చెట్ల కింద మంచం వెయ్యనివ్వం, ఎండు కమ్మ పడినా చిన్నపిల్ల తట్టుకోలేదు. గుళికలూ పురుగుమందు డబ్బాలూ తాళం వేసిన గదిలో ఉంటాయి. మోటారు షెడ్డు వైపు పిల్లల్ని పోనివ్వం, రొయ్యల చెరువు పక్కనుంటే ఏరియేటర్ల వైర్లు ఇంకా డేంజర్. ఇవన్నీ అక్కడ ఉన్నాయా అని ఓనర్‌ని అడగండి మేడం, విసుక్కుంటే బుకింగ్ క్యాన్సిల్ చేసేయండి.

వరదల్లో_పెరిగినవాడు:
మేలో వెళ్ళడమే మంచిది. ఆగస్టులో పచ్చగా ఉంటుందని వెళ్తారు, కానీ అది గోదావరి వరదల కాలం, ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీరు 11.75 అడుగులొస్తే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రెండోది దాటిందంటే లంకల్లో, అంటే నది మధ్య ఊళ్ళలో, కాజ్‌వేలు మునిగి పడవలే దిక్కు, చంటిపిల్లలతో ఇరుక్కుంటారు.

కాకినాడ_నర్సు:
ఇంకోటి. రాత్రి నేల మీద పరుపులు వెయ్యొద్దు, మంచం, దోమతెర, తెర అంచులు పరుపు కిందకి దోపాలి. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువ కరుస్తుంది, నొప్పి తెలియదు, పిల్లాడు కడుపునొప్పి అని ఏడుస్తాడు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోతాయి. అనుమానం వస్తే కట్టు కట్టడాలు కోయడాలు పెట్టుకోకుండా 108కి ఫోన్ చేసి తిన్నగా ఆసుపత్రికి. సరే, గేటు సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇద్దరుపిల్లల_అమ్మ:
అందరికీ థ్యాంక్స్ అండి, ఓనర్‌కి ఫోన్ చేస్తాను. లంకరైతు గారికి మాత్రం ఒక మాట చెప్పాలి. అత్తగారింటికి వెళ్తే నేను పొద్దున్న ఐదింటికి లేస్తాను, అక్క నాలుగింటికే లేస్తుంది. మేం వచ్చామని మేనత్తలు, వాళ్ళ పిల్లలు అందరూ వస్తారు, పన్నెండు మందికి టిఫిను, భోజనం, మళ్ళీ సాయంత్రం జంతికలో సున్నుండలో. మా ఆయన అరుగు మీద పేపర్ చదువుతూ హాలిడే బాగుంది అంటారు. పాప ఎక్కడుందో నాకు తెలియదు, అందరూ చూస్తున్నారు కదా అని ఎవరూ చూడరు. పోయినసారి బయలుదేరేటప్పుడు అక్క చేతులు చూశాను, పచ్చళ్ళు కలిపి కలిపి మంటలెక్కి ఎర్రగా ఉన్నాయి, అయినా మాకు ఊరగాయ జాడీ కట్టి ఇచ్చింది. నేను డబ్బులిచ్చి ఉండేది ఆవిడ మీద ప్రేమ లేకనా?

లంకరైతు:
ఇదిగో, సరిగ్గా ఇదే మాట మా మరదలు అంది. "అక్కయ్యకి శ్రమ" అని. శ్రమ అని మా ఆవిడ చెప్పిందా వాళ్ళతో? మీ అక్క చెప్పిందా మీతో? మీరే అనేసుకుని మీరే డబ్బు కట్టేసి మమ్మల్ని చుట్టాల్లోంచి తీసేస్తారు. 2011లో గిట్టుబాటు లేక కోనసీమలో క్రాప్ హాలిడే అని ఖరీఫ్ మానేశాం, మడి బీడు పెట్టి గట్టు మీద కూర్చుని చూసుకోవడం ఎలా ఉంటుందో మీకు తెలీదు. ఆ ఏడాది తమ్ముడు ఫోన్ చేసి "అయితే ఖాళీయే కదా అన్నయ్యా, వదినని తీసుకుని ఓ పదిరోజులు రా" అన్నాడు. ఖాళీ అంట. నాన్న పోయాక వాడి వాటా కూడా నేనే చేస్తున్నా, ఏటా వాడి బస్తాలు వాడికి లారీలో పంపుతున్నా, ఈ ఇంటికి పెంకు మార్చింది నేను, వాడు వస్తాడని పైన గది కట్టించింది నేను. ఆ గదిలో ఇప్పుడు ధాన్యం బస్తాలున్నాయి.

సుబ్బారాయుడి_మనవడు:
మీ తమ్ముడి కోపం ఈవిడ మీద తీర్చుకుంటున్నారండి.

లంకరైతు:
మధ్యలో మీరెవరు?

కాకినాడ_నర్సు:
లంకరైతు గారూ, అడక్కూడదేమో కానీ అడుగుతున్నా. సంక్రాంతికి ముందు మీ తమ్ముడు ఎప్పుడొచ్చారు, అప్పుడు ఏం జరిగింది? కాలవ మాట ఎత్తితే మీరు వెంటనే మీదకొస్తున్నారు. దూడ గురించి అంత లేదు.

లంకరైతు:
మీకవసరమా? ఆసుపత్రిలో పనిచేస్తే అందరిళ్ళలో దూరొచ్చా? ఇలాంటి వాళ్ళ వల్లే అన్నదమ్ములు విడిపోతున్నారు, ఊరంటే చావు, కాలవంటే చావు, పాలు తాగితే రోగం.

మోడరేటర్:
వ్యక్తిగతంగా వద్దు. ఇంకోసారి ఇలా అయితే చర్చ మూసేస్తాం.

తోట_కుర్రాడు:
బాబాయ్ గారూ, మీ వయసుకి అలా పిలుస్తున్నా, ఏమీ అనుకోకండి. మా తోటకి వచ్చేవాళ్ళలో సగం మందికి ఇక్కడే ఊరుంది. ఎందుకెళ్ళరు అని నేను ఎప్పుడూ అడగను, కానీ వాళ్ళే చెప్తారు రెండో రోజు. ఇల్లు చిన్నదనో కూర బాలేదనో ఎవరూ చెప్పరు.

లంకరైతు:
రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నా. పోయిన దసరాకి వచ్చారు. అప్పుడు సార్వా, అంటే ఖరీఫ్ వరి, పంట మీదుంది కాబట్టి కాలవ నిండుగా ఉంది. మా పెరటి గుమ్మం దిగితే నాలుగడుగుల్లో గట్టు, ఆ పక్కనే రేవు. తమ్ముడి కూతురికి నాలుగేళ్ళు, మా అమ్మ చెంబు పట్టుకుని వెనకే వెళ్ళింది, ఆఖరి మెట్టు మీద పాకుడు, జారిపోయింది. మా అమ్మకి చూపు తక్కువ, కేక కూడా పెట్టలేదు, చెంబు జారిందనుకుంది. అవతల గేదెలు కడుగుతున్న కుర్రాడు చూసి దూకి జుట్టు పట్టుకుని లాగాడు. బతికింది, ఏం కాలేదు, సాయంత్రానికి గారెలు తింది. ఆ రాత్రి మా మరదలు పిల్లని ఒళ్ళోంచి దించలేదు, తిండి తినలేదు. మర్నాడు పొద్దున్న తమ్ముడు తాడు పట్టుకుని పెరటి గుమ్మం కొలుస్తున్నాడు, ఇక్కడ తలుపు పెడదాం అన్నయ్యా, ఖర్చు నేను పెడతా అన్నాడు. ఖర్చు నేను పెడతా అన్న మాట నాకు గుచ్చుకుంది. గట్టు ఇరిగేషన్ వాళ్ళది, నువ్వెవరు తలుపు పెట్టడానికి అన్నాను. మనిద్దరం ఈ రేవులోనే ఈత నేర్చుకున్నాం, నీ కూతురికి మాత్రం జైలు కట్టాలా అని కూడా అన్నాను, నలుగురి ముందు. వాడు తాడు చుట్టి మేకుకి తగిలించి వెళ్ళిపోయాడు. ఇన్నాళ్ళూ నేను వాడు మమ్మల్ని వదిలేశాడనే చెప్తూ వచ్చాను అందరికీ.

గోదారిగట్టు:
మీరిద్దరూ ఈత నేర్చుకునేటప్పుడు రేవు నిండా జనం ఉండేవారు కదండీ. ఇప్పుడు బోర్లూ కుళాయిలూ వచ్చాక రేవులో ఎవరుంటున్నారు? ఆ కుర్రాడు ఆ టైముకి ఉండబట్టి సరిపోయింది.

కాకినాడ_నర్సు:
నేను అలా అడగకుండా ఉండాల్సింది, క్షమించండి. గట్టు ఇరిగేషన్ వాళ్ళదే కానీ గుమ్మం మీదే. తలుపు మీ దొడ్డి గోడకే పెట్టుకోవచ్చు, రేవుకి ఎవరూ అడ్డు చెప్పరు, పెద్దవాళ్ళు తీసుకుని వెళ్తారు.

ఇద్దరుపిల్లల_అమ్మ:
మేం వచ్చి మూడు రోజులైంది అండి. ఉక్కపోత బాగానే ఉంది, పదకొండు నుంచి నాలుగింటి దాకా పిల్లలు లోపలే, బాబు ప్రతి పొద్దున్నా దూడ ముందు కూర్చుని దానికి పలకా బలపం చూపిస్తున్నాడు. నిన్న అక్కనీ బావగారినీ ఇక్కడికే భోజనానికి పిలిచాం. బావగారు రాలేదు. అక్క వచ్చింది, మా గదిలో మంచం మీద పడుకుని రెండు గంటలు నిద్రపోయింది, లేచాక సిగ్గుపడుతూ టైమెంతైంది అని అడిగింది. బావగారు రాకపోవడం మా ఆయనకి బాధగానే ఉంది, ఎల్లుండి మేమే ఆ ఊరు వెళ్తున్నాం, ఏమంటారో చూడాలి.

లంకరైతు:
ఆయ్, వెళ్ళండి, ఏమన్నా అంటే పడండి, ఆయన కోపం ఒక పూటే ఉంటుంది. మీతో చిన్న పని అమ్మా. మీరున్న చోట పెరటి గుమ్మానికి తలుపుందా? ఉంటే ఎంత ఎత్తు పెట్టారు, గడియ ఏ వైపు ఉంది?

ఇద్దరుపిల్లల_అమ్మ:
ఉందండి. సరుగుడు కర్రలు నిలువుగా కొట్టారు, అడ్డకర్రలు కాలవ వైపే ఉన్నాయి, ఇటునుంచి పిల్లలు కాలు పెట్టి ఎక్కడానికి ఏం లేదు. నా భుజం దాకా వస్తుంది. గడియ కూడా అవతల వైపే, పైనుంచి చెయ్యి వేసి తీయాలి, పాపకి అందట్లేదు. రేపు పొద్దున్న టేపుతో కొలిచి రాస్తాను.

లంకరైతు:
కింద సందు ఎంత వదిలారో కూడా చూడండి. కోళ్ళు దూరేంత ఉంటే చాలు.