చిన్న క్యాంపింగ్ ట్రైలర్‌ను బండల దారులకు, నల్లరేగడి బాటలకు పనికొచ్చేలా మార్చడం ఎట్లా?

పెన్నగట్టు (అనంతపురం):

అందరికీ నమస్తే. సెకండ్ హ్యాండ్‌లో కొన్న చిన్న క్యాంపింగ్ ట్రైలర్ ఉంది. ఇద్దరు పడుకునే పెట్టె, వెనక తలుపెత్తితే వంటగట్టు. ఖాళీ బరువు 420 కేజీలు, సామానుతో 650 దాకా పోతుంది. 50 మి.మీ. చదరపు ఇరుసు, దాని కిందినుంచి పోయే ఐదు పట్టీల కమానుకట్టలు (లీఫ్ స్ప్రింగులు), 145 ఆర్ 12 టైర్లు, చక్రాల మధ్య 125 సెం.మీ., బొలెరోకు తగిలించడానికి 50 మి.మీ. బాల్ హిచ్ (గుండు మీద కప్పు కూర్చునే కొక్కెం). బ్రేకులు లేవు. లాగేది బొలెరో, దాని టైర్లు 215/75 ఆర్ 15.

తారు రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. తిరగాలనుకున్నది మాత్రం గండికోట చుట్టూ పెన్న లోయ అంచు బాటలు, కొలిమిగుండ్ల, బేతంచెర్ల వైపు నాపరాయి గనుల దారులు, అవుకు రిజర్వాయరు పక్క నల్లరేగడి. గుంతలో దిగితే ఇరుసూ తగులుతోంది, వంటగట్టు అడుగూ తగులుతోంది. బొలెరో టైర్లే దీనికీ వేసి, కమాన్లను ఇరుసు పైకి మార్చి, ఒకే దెబ్బకు ఎత్తు పెంచుదామని ఆలోచన. ట్రాక్టర్ ట్రాలీలు కట్టే షాపువాళ్ళు రెండు రోజుల పని అంటున్నారు. ఏది ముందు చేయాలి, ఏది అనవసరం?

లేత్‌పట్టె (కర్నూలు):

రెండూ కలిపి చేయొద్దన్నా. లెక్క చూడండి. 145 ఆర్ 12 టైరు నిలువు సుమారు 54 సెం.మీ., బొలెరో టైరుది 70. టైరు మారిస్తేనే ఇరుసు 8 సెం.మీ. లేస్తుంది, దాంతోపాటే పెట్టె కూడా. కమాన్లు పైకి మారిస్తే ఇరుసు మందం 5, కట్ట మందం ఒక 3 కలిపి ఇంకో 8 వస్తుంది గానీ, అది పెట్టెకే. ఇరుసు ఉన్నచోటే ఉంటుంది. రాయికి ఇరుసు తగులుతుంటే దానికి మందు టైరే.

ఇప్పుడు పక్కకు పడిపోయే సంగతి. బరువు కేంద్రం నేలనుంచి 75 సెం.మీ. ఎత్తులో ఉందనుకుంటే, 125 వెడల్పుకు కదలకుండా నిలబడ్డ ట్రైలరు 40 డిగ్రీల వాలుదాకా పడదు. మీరన్నట్టు 16 సెం.మీ. లేపితే అది 34కు దిగుతుంది. ఒక చక్రం గట్టెక్కి, ఇంకొకటి గుంతలో దిగి, పెట్టె ఊగుతున్నప్పుడు ఈ అంకెల్లో సగం కూడా చేతిలో ఉండదు. అదే టైర్లు మాత్రం మార్చి, చక్రాల వెడల్పు 145 చేస్తే 41 వస్తుంది, అంటే మొదటికన్నా మేలు. పైగా బొలెరో చక్రాలు పడిన గాడిలోనే ట్రైలరు చక్రాలూ పడతాయి. కాబట్టి ముందు బొలెరో వెనక చక్రాల మధ్య దూరం కొలిచి, ఆ కొలతకే కొత్త ఇరుసు వేయించండి.

పాత ఇరుసును మధ్యలో కోసి ముక్క అతికిస్తామంటారు, ఒప్పుకోవద్దు. 50 మి.మీ. సాలిడ్ చదరపు బారు కొత్తది తీసుకుని చివర్లు లేత్‌లో తిప్పించాలి. బేరింగు కూర్చునే మెట్టు దగ్గర మూల కత్తిలా పదునుగా తిప్పితే అక్కడినుంచే పగులు మొదలై ఒకరోజు చక్రం ఊడి ముందుకు పోతుంది. ఆ మూలలో కనీసం 3 మి.మీ. గుండ్రం ఉంచమని ముందే చెప్పండి. బేరింగు లోపలి రింగు ఆ గుండ్రానికి తట్టకుండా కూర్చోవాలి, అది కూడా చూసుకోవాలి.

హబ్బులు బొలెరో డిస్కు (టైరు ఎక్కే రేకు చక్రం) పట్టేవి కావాలి. ఐదు స్టడ్ల హబ్బుకు పక్కపక్క స్టడ్ల కేంద్రాల దూరాన్ని 1.7తో గుణిస్తే స్టడ్ల వృత్తం వ్యాసం వస్తుంది. రెంటికీ ఒకటే ఉంటే స్టెప్నీ ఇద్దరికీ ఒకటే చాలు. కానీ డిస్కు లోపలికి, బయటికి ఎంత దిగిందో కూడా చూడాలి. డిస్కు మరీ బయటికి నిలబడితే బయటి చిన్న బేరింగు మీద భారం పెరిగి అది ముందు పోతుంది.

ఇరుసు బిగించాక బాల్ కేంద్రం నుంచి ఇరుసు రెండు కొసలకూ టేపు పట్టండి. తేడా 3 మి.మీ. దాటితే ట్రైలరు ఏటవాలుగా నడిచి టైరు ఒక పక్క అరిగిపోతుంది.

వంటగట్టు అడుగుకు ఎత్తు పెంచడం పరిష్కారం కాదు. తోక కింది మూలను 25, 30 డిగ్రీల ఏటవాలుగా కోసి, అక్కడ 40 మి.మీ. పైపు అడ్డంగా వేయించండి. తగిలినా జారిపోతుంది.

కమానుకట్ట (కడప):

పైన చెప్పిన దాంట్లో టైర్లు, వెడల్పు గురించి నాదీ అదే మాట. కమాన్ల గురించి కొంచెం.

650 కేజీల బండికి ఐదు పట్టీలు ఎక్కువ. బండల దారిలో చక్రం నేల మీద నిలవక ఎగురుతూ ఉంటుంది. బండి ఖాళీగా ఉన్నప్పుడు, నింపినప్పుడు చట్రం ఎత్తు కొలవండి. తేడా 4, 5 సెం.మీ. ఉండాలి. 2 మాత్రమే వస్తే కింది పట్టీని కదిలించకుండా దాని పైదాన్ని ఒక్కటి తీసి మళ్ళీ చూడండి. రెండేసి ఒకేసారి తీస్తే గుంతల్లో కట్ట తిరగబడుతుంది. పట్టీలు తగ్గితే వాటి మధ్య రాపిడి కూడా తగ్గి ఊగడం ఎక్కువవుతుంది కాబట్టి చిన్న షాక్ అబ్జార్బర్లు రెండు వేయించండి. కమాన్లకు కాలిన ఇంజనాయిలు పూసే అలవాటు మన షాపుల్లో ఉంది. దుమ్ము అతుక్కుని సానరాయిలా తినేస్తుంది, వద్దనండి.

కమాన్లను ఇరుసుకు బిగించే యూ బోల్టులు కొత్తవే వేయాలి. ఒకసారి సాగినవి మళ్ళీ బిగువు నిలపవు. 50 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి, మొదటి బండల దారి దిగాక ఇంకోసారి బిగించండి. పట్టీలను కలిపి ఉంచే మధ్య బోల్టు తెగడానికి చాలాసార్లు కారణం యూ బోల్టు వదులవడమే.

ఇక పగిలేది ముందరి లాగుడు బారు. ఏ ఆకారంలో కట్టినా సరే, పెట్టె చట్రం మొదటి అడ్డబారును దాటేచోట పగులుతుంది, ఎందుకంటే వంపు మొత్తం అక్కడే. ట్రాలీ షాపుల అలవాటు ప్రకారం అక్కడ మందపాటి చదరపు ప్లేటు పెట్టి నాలుగు వైపులా వెల్డింగు కొడతారు. అడ్డంగా పడిన ఆ వెల్డింగు గీతే పగులుకు దారి. ప్లేటు కొసలు సన్నగా, చేప తోక మాదిరి కోయించి, వెల్డింగు నిలువు అంచుల వెంబడే వేయించండి. బొక్కలు వేయాలంటే చానల్ నిలువు ముఖం మధ్యలో వేయాలి. పైఅంచులో, కిందిఅంచులో వేయకూడదు.

హిచ్ విషయంలో ట్రాక్టర్ పిన్ను పెట్టమంటారు. పొలం గట్టుకు బాగుంటుంది గానీ రోడ్డెక్కితే ఆ సందు వల్ల గేరు మార్చిన ప్రతిసారీ వెనకనుంచి కొడుతుంది. మామూలు బాల్ కప్పు ఏమో పక్కకు కొంతమేరకే మెలి తిరుగుతుంది, అది దాటితే కప్పు బాల్ మీదనుంచి పెళ్ళగించుకొస్తుంది. వెనకవైపు తన కడ్డీ మీద పూర్తిగా చుట్టూ తిరిగే హిచ్ వెతకండి. చైన్లు రెండు, బారు కింద గుణకారం గుర్తులా దాటించి బొలెరో చట్రానికే కట్టాలి. బాల్ ప్లేటుకు కడితే ప్లేటు ఊడినప్పుడు చైన్లూ దాంతోపాటే పోతాయి.

ముక్కు బరువు (హిచ్ మీద పడే బరువు) 65 నుంచి 90 కేజీలలోపు ఉంచండి. మూటలు తూచే కాటా మీద ముక్కు పెడితే తేలిపోతుంది. నీళ్ళ ట్యాంకు ఇరుసుకు కొంచెం ముందు, చట్రం మధ్యలో ఉంటే అది ఖాళీ అయినా ముక్కు బరువు పెద్దగా మారదు.

పెన్నగట్టు (అనంతపురం):

చాలా థాంక్స్ అన్నా, కమాన్లు పైకి మార్చే ఆలోచన మానుకున్నాను. రెండు సందేహాలు. దుమ్ము ఎట్లా ఆపాలి? వంటగట్టు తెరిస్తే గిన్నెల నిండా మన్నే. బీడింగు రబ్బరు మార్చినా అంతే. నేలలో గ్యాసు కోసం రెండు బొక్కలున్నాయి, వాటిని మూసేయాలా? ఫ్రిజ్ కూడా పెట్టాలని ఉంది.

కంపముల్లు (తాడిపత్రి):

ఆ బొక్కలు శాశ్వతంగా మూయొద్దు సార్. గ్యాసు గాలికన్నా బరువు, లీకైతే నేలకు దిగుతుంది, బయటికి పోవడానికి అదే దారి. ఒక జారుడు మూత పెట్టి, నడిపేటప్పుడు మూయండి, ఆగాక పొయ్యి ముట్టకముందే తెరవండి. 5 కేజీల సిలిండరును అయితే లోపలే ఉంచకండి, ముక్కు మీద అడుగున బొక్కలున్న పెట్టెలో బయట పెట్టండి. నడిచేటప్పుడు రెగ్యులేటరు ఆఫ్.

దుమ్ము రబ్బరు దగ్గర ఆగదు, ఎందుకంటే నడిచే పెట్టె వెనక గాలి ఒత్తిడి తక్కువ, లోపలికి పీల్చుకుంటుంది. పైకప్పు ముందు భాగంలో ముందుకు తెరుచుకునే చిన్న గాలిమూత పెట్టి, దానికి కారు ఎయిర్ ఫిల్టరు బిగించండి. లోపల ఒత్తిడి బయటికన్నా కొంచెం ఎక్కువుంటే సందుల్లోంచి గాలి బయటికి పోతుందేగానీ మన్ను లోపలికి రాదు. చట్రానికి, పెట్టెకు మధ్య కీళ్ళకు సిలికాన్ వద్దు, కదిలితే ఊడుతుంది. పీయూ (పాలీయురేథేన్) సీలెంటు వాడండి. లోపలి ప్లైవుడ్ అల్మారాలకు స్క్రూలు నిలవవు, నైలాన్ లాక్ నట్టున్న బోల్టులు వేయండి.

టైర్లలో బొలెరోకు కొట్టినంత గాలి కొట్టకండి. ఒక్కో చక్రం మీద 300 కేజీలే కాబట్టి రోడ్డు మీద 22–24 పీఎస్‌ఐ చాలు, మట్టిబాటలో 18. నాపరాయి గనుల దగ్గర మాత్రం 20కన్నా తగ్గించొద్దు, రాతి చెక్కలు కత్తుల్లాంటివి, మెత్తబడిన టైరు పక్కభాగం చీలుతుంది, దానికి ప్లగ్గు పనిచేయదు. కంపముల్లు దిగితే పంక్చరు వేయడానికి ముందు టైరు లోపల గుడ్డతో చుట్టూ తుడవండి. విరిగిన మొన లోపలే ఉండి మళ్ళీ పొడుస్తుంది. వేలితో తడమకండి.

ఫ్రిజ్ లెక్క: 40 లీటర్ల 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ 45 వాట్లు లాగుతుందనుకుంటే, మన మే నెల ఎండకు గంటకు 36 నిమిషాలు నడుస్తుంది. రోజుకు సుమారు 650 వాట్ అవర్లు. 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో ఉండేది 1280. కాబట్టి మబ్బు పట్టినా ఒకటిన్నర రోజు లాగుతుంది. 200 వాట్ల ప్యానెల్ పెడితే మామూలు రోజుకు సరిపోతుంది. ప్యానెల్‌ను పైకప్పుకు అతికించకుండా కింద 3, 4 సెం.మీ. సందు ఉంచండి, వేడెక్కే కొద్దీ కరెంటు తగ్గుతుంది. బ్యాటరీని ఎండకు కాలే రేకు పెట్టెలో పెట్టొద్దు, చాలావాటికి 45 డిగ్రీలు దాటితే చార్జింగు ఆగిపోతుంది.

ఇంకొకటి. బొలెరో వెనక తలుపు పక్కకు తెరుచుకుంటుంది, దానికి స్టెప్నీ కూడా. లాగుడు బారు పొట్టిగా ఉంటే తలుపు ముక్కుచక్రం పిడికి తగులుతుంది. బారు పొడవు ఖాయం చేసేముందు రెండూ తగిలించి తలుపు తీసి చూడండి.

గాడిబాట (ఆదోని):

బ్రేకుల గురించి ఎవరూ అనలేదు. ఘాట్లు, వాలు దారులు తిరిగేటప్పుడు 650 కేజీలు వెనకనుంచి తోస్తుంటే బొలెరో బ్రేకులే మోయాలి. హబ్బులు ఎట్లాగూ మారుస్తున్నారు కాబట్టి డ్రమ్ము పట్టే హబ్బులే వేయించండి. తోసుడు బ్రేకు (ట్రైలరు ముందుకు తోసినప్పుడు దానంతటదే పట్టేది) పెడితే రివర్సు లాక్ ఉన్నది తీసుకోండి, లేకపోతే ఎత్తులోకి వెనక్కి తోసినప్పుడు బ్రేకు పట్టేస్తుంది.

వంక దాటేముందు పది నిమిషాలు ఆగి హబ్బు చల్లారనివ్వండి. వేడిగా ఉన్న హబ్బు చల్లటి నీళ్ళలో పడితే లోపలి గాలి ముడుచుకుని సీలు సందులోంచి నీళ్ళు పీల్చుకుంటుంది. రెండు అంచుల సీలు, గ్రీజు పట్టించిన ఒక జత బేరింగులు డబ్బాలో వెంట ఉంచుకోండి. బిగించేటప్పుడు చక్రం తిప్పుతూ నట్టు బిగించి, తర్వాత వెనక్కి వదిలి దగ్గరి గాడిలో స్ప్లిట్ పిన్ను వేయాలి.

నల్లరేగడి తడిగా ఉంటే మాత్రం ఎన్ని మార్పులు చేసినా వెళ్ళకండి. మడ్‌గార్డుకు, టైరుకు మధ్య 8 నుంచి 10 సెం.మీ. సందున్నా బంకమన్ను నిండి చక్రం తిరగదు, ట్రైలరు లంగరైపోతుంది. ట్రైలరు తోకకు కూడా ఒక లాగుడు కొక్కెం ఉండాలి, ముందుకు రానప్పుడు వెనక్కి లాగడానికి.

కోయకముందే ఆర్టీవో ఆఫీసులో అడగండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా మార్పులు చేయకూడదు. ఇరుసు, టైరు కొలతల గురించి ముందే రాయించుకోవాలి. నల్లమల, లంకమల వైపు బాట కనిపించిందని దిగొద్దు. ఒకటి పులుల అభయారణ్యం, రెండోది ఎర్రచందనం అడవి. రాత్రిపూట పెట్టె వేలాడేసుకుని అక్కడ ఆగితే చెక్‌పోస్టులోనే తెల్లారుతుంది.