లోపల ఉన్నవాళ్లలో ఎవరు గొప్ప?

పటమట చదువరి, విజయవాడ

మొన్న ఆదివారం సాయంత్రం మా మిద్దె మీద నలుగురం మొదలుపెట్టిన వాదన దోమలు తరిమేదాకా తేలలేదు. అందుకే ఇక్కడికి తెచ్చాను. బహుళ వ్యక్తిత్వాలున్న మనిషిలో ఒక వ్యక్తిత్వం ఇంకొకదాన్ని పురుగును చూసినట్టు చూస్తుంది. ‘అది పిరికిది, అది మొద్దు, నేను అది కాను’ అంటుంది. ఇది నిజంగా ఆధిక్యభావమేనా? లేక న్యూనతాభావమే తలపాగా చుట్టుకుని వచ్చిందా?

నాది రెండో పక్షం. బోస్టన్ వైద్యుడు మోర్టన్ ప్రిన్స్ 1906లో ఒక యువతి గురించి పెద్ద పుస్తకం రాశాడు. ఆమెకు పెట్టిన మారుపేరు మిస్ బోషాంప్. నెమ్మదస్తురాలు, నియమాల మనిషి, ఎప్పుడూ నీరసం. ఆమెలోనే సాలీ అనే అల్లరి పిల్ల ఉండేది. బోషాంప్‌కు సాలెపురుగులంటే హడలని తెలిసి, వాటిని పట్టి పెట్టెలో పెట్టి ఆమెకే పంపింది. (మన భాషలో ఆ పేరు ఎంత అమరిందో చూడండి.) అంత వెక్కిరింత ఎందుకు? వియన్నాలో కళ్ల డాక్టరుగా మొదలై మనసు వైద్యుడైన ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ ఏనాడో చెప్పాడు, అతిశయం ఉన్నచోట తవ్వితే అడుగున న్యూనతే దొరుకుతుందని.

బ్రాడీపేట నాలుగో లైను, గుంటూరు

చదువరి గారూ, ఆడ్లర్‌ను సాక్షిగా పిలిచి ఇరుక్కున్నారు. ఆయన తన శాస్త్రానికి పెట్టుకున్న ‘ఇండివిడ్యువల్ సైకాలజీ’ అన్న పేరుకు మూలమైన లాటిన్ మాటకు అర్థం ‘విడదీయలేనిది’. మనిషి అఖండం అన్నవాడి కొలబద్దతో ముక్కలైన మనిషిని కొలుస్తారా?

ఇంకో మాట. బోషాంప్ ఏం చేస్తున్నదీ సాలీ లోపలి నుంచి చూస్తూనే ఉంది. సాలీ చేసినవి మాత్రం బోషాంప్‌కు తెలియవు. మా మిర్చి కొట్లో చిట్టా ఎవరి చేతిలో ఉంటే పెత్తనం వారిది. ఎక్కువ తెలిసినవాడు ‘నేను ఎక్కువ’ అనుకుంటే అందులో ముసుగేముంది? ధైర్యం, తెలివి ఆ వ్యక్తిత్వానికి నిజంగానే ఉన్నాయి. మీరు దయతలచి ‘పాపం, లోపల బాధపడుతోంది’ అనడం దాన్ని తక్కువ చేయడమే.

సందేహి, విజయవాడ

ఇద్దరూ లేని పెళ్లికి సన్నాయి ఊదుతున్నారు. ఈ వ్యక్తిత్వాలు చాలావరకు వైద్యుడి ప్రశ్నలు, సినిమాలు, పుస్తకాలు నేర్పిన వేషాలేనని నికొలస్ స్పేనోస్ అనే కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త 1994లో వాదించాడు. పగలు నోరులేని ప్లీడరు, రాత్రి శిక్షలు వేసే వీరుడు ఒకే ఒంట్లో ఉండే కథను మనమూ తెర మీద చూసి ఈలలు వేశాం కదా. వేషానికి న్యూనతేమిటి, ఆధిక్యమేమిటి?

తెనాలి కోడలు, గుంటూరు

వేషమే అనుకుందాం సందేహి గారూ. ఆ వేషం వేస్తే తప్ప ఇంట్లో మర్యాద దొరకని మనిషి సంగతి చెబుతాను.

మా వారి మేనత్త ఇంట్లో కోడలి మీదికి అమ్మవారు వస్తుంది. మామూలు రోజుల్లో ఆ పిల్ల ‘ఒసేయ్’, ‘ఏమే’. తిన్నదో లేదో అడిగేవారు లేరు. అదే పిల్ల జుట్టు విరబోసుకుని కళ్లు పెద్దవి చేయగానే మామగారు కండువా నడుముకు చుట్టుకుని ‘తల్లీ, ఏం తప్పు జరిగింది?’ అని నిలబడతాడు. అత్తగారు హారతి పళ్లెం తెస్తుంది. అమ్మవారు ఆ ఇంటివాళ్లందరినీ ‘ఒరేయ్’ అనే పిలుస్తుంది. కోడలి ప్రస్తావన వస్తే ‘ఆ దాసీది’ అంటుంది. నేను చెవులారా విన్నాను. వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి, భయంతో కాదు. అత్తగారు అనే మాటే, అదే విరుపుతో, అమ్మవారి నోట వచ్చింది.

చదువరి గారి ఆడ్లర్ చెప్పాడో లేదో గాని, నాకు అర్థమైంది ఇది. లోపలివాళ్లు ఒకరినొకరు చులకన చేయడం వాళ్లంతట వాళ్లు కనిపెట్టిన విద్య కాదు. ఆ మెట్లు మన వసారాలోంచే లోపలికి వెళ్లాయి. పైమెట్టు మీద కూర్చున్నదానికి హారతులు ఇచ్చి, కిందిమెట్టు మీదిదాన్ని కసిరి, పైగా ‘ఏది అసలు మనిషి?’ అని మనమే ఆరా తీస్తాం.

పటమట చదువరి, విజయవాడ

తెనాలి కోడలు గారూ, మీ మాటకు సగం ఓడిపోయాను. ప్రిన్స్ కూడా సరిగ్గా అదే చేశాడు. ‘నిజమైన మిస్ బోషాంప్ ఎవరు?’ అని ఏళ్ల తరబడి వెతికి, రెండు వ్యక్తిత్వాలను కలిపి ఇదే అసలు అన్నాడు. సాలీని మాత్రం అణచి లోపలికి పంపేశాడు. వైద్యుడే పంక్తి భేదం చూపిస్తే సాలీకి అంత కసి ఎందుకని అడగడం అన్యాయమే.

మిగతా సగం ఓడిపోలేదు. పూనకాన్నీ బహుళ వ్యక్తిత్వాన్నీ ఒకే గాటన కట్టవచ్చా?

మానసిక విభాగం నర్సు, గుంటూరు

నైట్ డ్యూటీ మధ్యలో రాస్తున్నాను, తప్పులుంటే మన్నించండి.

జాతరలో గణాచారికి వచ్చే పూనకం జబ్బు కాదు. ఊరు ఒప్పుకున్న ఆచారం, అయ్యాక ఆమె ఇంటికి వెళ్లి వంట చేసుకుంటుంది. అడగకుండా వచ్చి, బతుకును చెడగొట్టి, తర్వాత గుర్తుండకపోతే అప్పుడు వైద్యం మాట. 1994లో అమెరికా మానసిక వైద్యుల సంఘం ‘బహుళ వ్యక్తిత్వం’ అన్న పేరు మార్చి డిసోసియేటివ్ ఐడెంటిటీ డిజార్డర్ అంది. చాలామంది మనుషులు ఒకచోట చేరడం కాదు, ఒక మనిషి ఒకటిగా కూడుకోలేకపోవడం అని. అదే సంఘం 2013లో పూనకం రూపంలో వచ్చేవాటినీ ఆ నిర్వచనంలో చేర్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అమల్లోకి తెచ్చిన జబ్బుల పట్టికలో పూనకానికి వేరే పద్దే ఉంది. పెద్దవాళ్లే ఒక మాట మీద లేరు, మనం తేల్చేదేముంది?

వార్డులో నాకు తెలిసింది చెబుతాను. గదమాయించేవాళ్లు, ‘అది చచ్చినా నాకేం’ అనేవాళ్లు ఎక్కువగా కాపలావాళ్లే. చిన్నతనంలో దెబ్బలు తిన్నప్పుడు ఏడుపు ఒకరి వాటాకు, కోపం ఇంకొకరి వాటాకు వచ్చింది. ఏడ్చేవాళ్లంటే కోపగించేవాళ్లకు అసహ్యం, ఎందుకంటే ఏడిస్తే మళ్లీ దెబ్బలు పడతాయని వాళ్ల లెక్క. నాలుగో లైను గారు చెప్పిన ధైర్యం నిజమే. కానీ ఆ ధైర్యానికి సెలవు రోజంటూ లేదు.

చికిత్స నియమం కూడా ఇదే. ఎవరి పక్షమూ పట్టకూడదు, ఎవరినీ వెళ్లగొడతామని అనకూడదు. ఒకరు చేసిన పనికి మనిషంతా జవాబుదారీ. కాబట్టి ‘విడదీయలేనిది’ అన్న ఆ లాటిన్ మాట మాకు బాగానే పనికొస్తుంది. నేను ఎవరు బయటికి వచ్చినా ‘మీరు’ అనే అంటాను. ఆరేళ్ల పిల్లలా మాట్లాడినా సరే. మొదట్లో నవ్వొచ్చేది.

కోడలు గారూ, ఆ అమ్మాయిని ఎవరికైనా చూపించారా? వెంటనే కుదరకపోతే 14416కు ఫోను చేయండి. మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన ఫోను సేవ టెలీ మానస్ అది, డబ్బు కట్టక్కరలేదు.

బ్రాడీపేట నాలుగో లైను, గుంటూరు

సెలవు లేని ధైర్యం అన్న మాట దగ్గర ఆగిపోయాను. చిట్టా ఉపమానం వెనక్కి తీసుకోను గాని, ఆ గుమస్తా ఇరవై ఏళ్లుగా కొట్టు దిగలేదని చేర్చుకోండి.

తెనాలి కోడలు, గుంటూరు

చూపించామండీ. డాక్టరు గారు మందుల కంటే ముందు అత్తగారిని కూర్చోబెట్టి, అమ్మవారు రాని రోజుల్లో కూడా కోడలిని మర్యాదగా పిలవమన్నారు. మా మేనత్తగారు కోడలిని ‘మీరు’ అనడం ఈ జన్మలో జరగదు. బాగా ఆలోచించుకుని ‘అమ్మాయ్’ దగ్గర స్థిరపడింది. మొదటిసారి అలా పిలిచినప్పుడు ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసిందట, ఇంకెవరైనా వచ్చారేమోనని.