సొంత జావాస్క్రిప్ట్ యుటిలిటీ లైబ్రరీ: డీబౌన్స్‌లో 'దిస్' పోతోంది, క్లోన్‌లో డేట్ చెడుతోంది

ప్రశ్న:
నేర్చుకోవడానికని చిన్న యుటిలిటీ లైబ్రరీ రాస్తున్నాను, బయటి ప్యాకేజీలేవీ లేకుండా. డీబౌన్స్ (వరుసగా వచ్చే కాల్స్ ఆగాక ఒక్కసారే నడపడం), డీప్‌క్లోన్ (లోపలివాటితో సహా పూర్తి కాపీ), గ్రూప్‌బై (కీ ప్రకారం విడదీయడం) అయ్యాయి. ఆబ్జెక్ట్‌లోని మెథడ్‌ని డీబౌన్స్ చేస్తే లోపల 'దిస్' (మెథడ్ ఏ ఆబ్జెక్ట్ మీద నడుస్తోందో అది) అన్‌డిఫైన్డ్ అంటోంది. డీప్‌క్లోన్‌కి జేసన్ (డేటాను టెక్స్ట్‌గా రాసే పద్ధతి) స్ట్రింగిఫై చేసి మళ్లీ పార్స్ చేస్తున్నా, డేట్ కాస్తా స్ట్రింగ్ అయి కూర్చుంటోంది. ఇంకో ఇరవై ఫంక్షన్లు రాయాలనుంది. ఏ వరుసలో వెళ్లమంటారు?

జవాబు 1:
డీబౌన్స్ నుంచి యారో ఫంక్షన్ (=> గుర్తుతో రాసేది) రిటర్న్ చేస్తున్నట్టున్నారు. యారోకి సొంత 'దిస్' ఉండదు, చుట్టూ ఉన్నదాన్నే పట్టుకుంటుంది. బయటికిచ్చేది మామూలు ఫంక్షన్‌గా మార్చండి. సెట్‌టైమౌట్‌కి ఇచ్చేది మాత్రం యారోగానే ఉంచి, అందులో అప్లై వాడి 'దిస్'నీ ఆర్గ్యుమెంట్లనూ అందించండి.

టైమర్ వేరియబుల్ ఎక్కడుందో కూడా చూసుకోండి. రిటర్న్ అయ్యే ఫంక్షన్ లోపల పెడితే ప్రతి కాల్‌కీ కొత్తది పుడుతుంది, క్లియర్‌టైమౌట్‌కి రద్దు చేయడానికేమీ దొరకదు. ఐదు అక్షరాలు టైప్ చేస్తే ఐదుసార్లూ పేలుతుంది, కాస్త ఆలస్యంగా, అంతే.

డీబౌన్స్ గడువు 300 మిల్లీసెకన్లనుకుంటే, టెస్టులో నిజంగా అంతసేపు ఆగొద్దు. నోడ్‌లోని టెస్ట్ రన్నర్‌లోనే మాక్ టైమర్లున్నాయి, అంటే మనమే ముందుకు జరిపే నకిలీ గడియారాలు. 299 జరిపితే కాల్ కాకూడదు, ఇంకొక్కటి జరిపితే ఒక్కసారే కావాలి.

జవాబు 2:
జేసన్ దారిలో పోయేది డేట్ ఒక్కటే కాదు. ఆబ్జెక్ట్‌లోని అన్‌డిఫైన్డ్ విలువలూ ఫంక్షన్లూ మాయమవుతాయి, నాన్ (NaN, సంఖ్య కాదని చెప్పే విలువ) వెళ్లి నల్ అవుతుంది, మ్యాప్ ఖాళీ ఆబ్జెక్ట్‌గా వస్తుంది. తనను తానే చూపించుకునే ఆబ్జెక్ట్ ఇస్తే టైప్‌ఎర్రర్.

రికర్షన్‌తో (ఫంక్షన్ తనను తానే పిలుచుకోవడం) మీరే రాయండి. ముందు నల్ సంగతి తేల్చండి, ఎందుకంటే టైపాఫ్ దాన్ని కూడా ఆబ్జెక్ట్ అనే చెబుతుంది. తర్వాత డేట్, మ్యాప్, సెట్, అర్రే. మామూలు ఆబ్జెక్ట్ చివర్లో. తనను తానే చూపించుకునే ఆబ్జెక్ట్‌లో తిరుగుతూ ఉండిపోకుండా, చూసినవన్నీ వీక్‌మ్యాప్‌లో (ఆబ్జెక్టే కీగా ఉండే పట్టిక) రాసుకోండి. కొత్త కాపీని లోపలి విలువల్లోకి దిగకముందే అందులో పెట్టాలి.

పని నిమిత్తం అయితే జావాస్క్రిప్ట్‌తోనే వచ్చే కాపీ ఫంక్షన్ స్ట్రక్చర్డ్‌క్లోన్ ఎలాగూ ఉంది. దాని ఫలితంతో మీది పోల్చి చూసుకోవచ్చు. అయితే ఫంక్షన్ ఎదురైతే అది ఎర్రర్ విసురుతుంది, క్లాస్ ఇన్‌స్టన్స్ ప్రోటోటైప్‌ని (మెథడ్లు వారసత్వంగా వచ్చే ఆబ్జెక్ట్) నిలబెట్టదు.

ప్రశ్న అడిగినవారు:
డీబౌన్స్ కుదిరింది, థాంక్స్. వీక్‌మ్యాప్ పెట్టినా సర్క్యులర్ ఆబ్జెక్ట్‌కి స్టాక్ నిండిపోతోందండీ.

జవాబు 2:
వీక్‌మ్యాప్‌ని ఫంక్షన్ లోపల సృష్టిస్తున్నారేమో? అలాగైతే ప్రతి రికర్సివ్ కాల్‌కీ ఖాళీది వస్తుంది. డిఫాల్ట్ విలువతో రెండో పారామీటర్‌గా పెట్టి, లోపలి కాల్స్‌కి అదే అందించండి.

జవాబు 3:
ఇరవై వద్దు. క్లోన్ తర్వాత ఈజ్‌ఈక్వల్ (రెండు విలువలు సమానమో కాదో చూసేది) రాయండి, క్లోన్ టెస్టులకు అదే పనికొస్తుంది. అందులో చిక్కు నాన్‌తోనే: త్రిబుల్ ఈక్వల్స్‌తో అది తనకు తాను సమానం కాదు. ఆబ్జెక్ట్.ఈజ్ వాడితే నాన్ కుదురుతుంది కానీ సున్నా, మైనస్ సున్నా వేరైపోతాయి. ఏది కావాలో తేల్చుకుని రీడ్‌మీలో రాసిపెట్టండి.

అయిందనుకుంటున్న గ్రూప్‌బైకి 'కన్‌స్ట్రక్టర్' అన్న కీ ఇచ్చి చూడండి. మామూలు ఖాళీ ఆబ్జెక్ట్‌తో మొదలుపెట్టి ఉంటే, ఆ పేరుతో వారసత్వంగా వచ్చిన ఫంక్షన్ అప్పటికే అక్కడుంటుంది. దాన్ని అర్రే అనుకుని పుష్ చేయబోతే కోడ్ పడిపోతుంది. ఆబ్జెక్ట్.క్రియేట్‌కి నల్ ఇచ్చి మొదలుపెట్టండి. జావాస్క్రిప్ట్ 2024 ప్రమాణంలో వచ్చిన ఆబ్జెక్ట్.గ్రూప్‌బై కూడా ప్రోటోటైప్ లేని ఆబ్జెక్ట్‌నే ఇస్తుంది.