యూటీ డల్లాస్ జిందాల్ స్కూల్‌ల రీసెర్చ్ సెంటర్లు: ఎంఎస్ వాళ్ళకి ఏమన్న పనికొస్తయా?

ఖమ్మం_కుర్రోడు:
అన్నలూ నమస్తే. నాకు ఫాల్‌కి (ఆగస్టుల మొదలయ్యే సెమిస్టర్) అమెరికాల యూటీ డల్లాస్, అంటే టెక్సాస్ యూనివర్సిటీ డల్లాస్, దాని బిజినెస్ స్కూల్ జిందాల్‌ల ఐటీఎం (ఐటీ, మేనేజ్‌మెంట్ కలిసిన ఎంఎస్) అడ్మిట్ వచ్చింది. మా కన్సల్టెన్సీ సార్ ఏమంటున్నడంటే అది రీసెర్చ్‌ల టాప్ స్కూలు, సప్లై చెయిన్‌కి ఒక సెంటర్, కార్పొరేట్ గవర్నెన్స్‌కి ఒకటి, ఇంటర్నల్ ఆడిట్‌కి ఒకటి ఉన్నయి, అక్కడికి పోయినంక నెలకే ఏదో ఒక దాంట్ల ఆర్ఏ (రీసెర్చ్ అసిస్టెంట్ పని) దొరుకుతది, ఫీజు అండ్లనే ఎల్లిపోతది అని. నాన్న అది నమ్మి లోన్ తక్కువ పెడదాం అంటున్నడు. నిజంగ దొరుకుతదా? అసలు సెంటర్ అంటే ఏంది, క్లాసులు వేరేగ ఉంటయా?

ప్లేనో_బాబాయ్:
తమ్ముడూ ముందు లోన్ ఫుల్లుగా పెట్టించు, మిగతాది నెమ్మదిగా మాట్లాడుకుందాం. సెంటర్ అంటే వేరే కాలేజీ కాదు, వేరే డిగ్రీ కూడా కాదు. ఒకే సబ్జెక్ట్ మీద పనిచేసే ప్రొఫెసర్లు నలుగురు కలిసి ఒక పేరు పెట్టుకుంటారు, కంపెనీలు, దాతలు డబ్బులిస్తారు, ఆ డబ్బుతో డేటా కొంటారు, పీహెచ్‌డీ వాళ్ళని పోషిస్తారు, సెమినార్లు పెడతారు. ఇక రీసెర్చ్ టాప్ అంటావా, ఆ స్కూలే 24 జర్నల్స్‌లో (రీసెర్చ్ పత్రికల్లో) ఏ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్లు ఎన్ని పేపర్లు వేశారో లెక్కేసి టాప్ 100 లిస్టు ఇస్తుంది. మంచి లిస్టే, కాదనను, కానీ ఆ లెక్కలో నీ జాబూ లేదు నీ ఫీజూ లేదు.

పేపర్_రిజెక్ట్:
నేను వేరే స్టేట్‌లో బిజినెస్ స్కూల్ పీహెచ్‌డీ. ఫీజు మాఫీ, స్టైపెండ్ అన్నీ మాకే పోతాయి బ్రో, ఎంఎస్ వాళ్ళకి దొరికితే గ్రేడర్ (పేపర్లు దిద్దే పని) లాంటి గంటల లెక్క పని, అదీ క్లాసులు నడిచేటప్పుడు వారానికి 20 గంటలు దాటకూడదు. మా సెంటర్లో ఒక ఎంఎస్ అమ్మాయిని పెట్టుకున్నాం, లారీల కంపెనీ డేటా, మూడు వారాలు తేదీలు సరిచేయడమే సరిపోయింది పాపం, సగం ఫైళ్ళలో నెల ముందు, సగంలో రోజు ముందు. బోరే గానీ ఆ కంపెనీ మేనేజర్ సెమినార్‌కి వచ్చినప్పుడు డేటా గురించి అడిగితే గడగడా చెప్పింది మాత్రం ఆ అమ్మాయే, సమ్మర్ ఇంటర్న్‌షిప్ అలాగే వచ్చింది. కంపెనీలు డబ్బులిచ్చేదే అందుకు, స్టూడెంట్స్‌ని ముందే చూసుకోవచ్చని. కాబట్టి అలాంటి సెమినార్లకి వెళ్ళు, పీజ్జా తిని వచ్చేయకుండా ఒక్క ప్రశ్న అయినా అడుగు.

రిచర్డ్‌సన్_రమణ:
ఫీజు గురించి అసలు పాయింట్ ఎవరూ చెప్పలేదేంటి. టెక్సాస్ గవర్నమెంట్ యూనివర్సిటీల్లో పోటీ మీద ఇచ్చే స్కాలర్‌షిప్ కనీసం 1000 డాలర్లు వస్తే అవుట్ ఆఫ్ స్టేట్ ఫీజు (బయటివాళ్ళకి వేసేది) బదులు ఇన్‌స్టేట్ ఫీజు (టెక్సాస్ వాళ్ళకి వేసే తక్కువ ఫీజు) వేయొచ్చు, ఆ వెయ్యి కన్నా ఈ తేడానే ఎక్కువ. నీ అడ్మిట్ లెటర్‌లో ఆ స్కాలర్‌షిప్ ఉందేమో చూసుకో, లేకపోతే లేనట్టే అనుకుని లెక్కేసుకో.
ఇంకో ముచ్చట, ఆ యూనివర్సిటీయే రీసెర్చ్ సెంటర్‌గా పుట్టింది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ పెట్టిన పెద్దమనుషులు 1961లో మొదలుపెట్టారు, 1969లో స్టేట్‌కి ఇచ్చేస్తే యూటీ డల్లాస్ అయింది. జిందాల్ అంటే మన స్టీల్ నవీన్ జిందాలే, అక్కడే ఎంబీఏ చేశాడు, 2011లో కోటిన్నర డాలర్లు ఇస్తే పేరు పెట్టారు.

ఖమ్మం_కుర్రోడు:
థ్యాంక్స్ అన్నలూ. లెటర్ చూసిన, స్కాలర్‌షిప్ ముచ్చటే లేదు. ఇదంత నాన్నకి చదివి వినిపిస్తే అరగంట ఏం మాట్లాడలే, రేపు బ్యాంకుకి పోదాం అన్నడు. ఇంకో డౌట్, రైస్ కుక్కర్ ఇక్కడినించే తెచ్చుకోవాల్నా?

ప్లేనో_బాబాయ్:
వద్దు నాయనా, ఇక్కడ కరెంటు 120 వోల్టులే, మనది ఉడకదు. పచ్చళ్ళు తెచ్చుకో, మూత గట్టిగా టేపేసి.