పెద్దపేగు విరేచనాలకు స్టెరాయిడ్: ముందు ఇవ్వాలా, ముందు కారణం వెతకాలా?

అరుణ:
మా లాబ్రడార్‌కి ఏడేళ్లు. మూడు నెలలుగా విరేచనాలు తగ్గడం లేదు. రోజుకి ఏడెనిమిదిసార్లు కూర్చుని ముక్కుతుంది, వచ్చేది చెంచాడు జిగురు, దానిమీద రక్తపు చారలు. మలపరీక్షలో పురుగులు లేవు. తిండి మార్చాం, మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ రెండుసార్లు వాడాం. ఐబీడీ (పేగులో ఎంతకీ తగ్గని వాపు జబ్బు) అయ్యుంటుంది, ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెడదామంటున్నారు డాక్టర్ గారు. సరేననమంటారా?

భాస్కర్:
సరేననండి. ఇలాంటి కేసుల్లో ఇన్ఫెక్షన్ బయటపడేది చాలా తక్కువ. బయాప్సీ (పేగు ముక్క తీసి పరీక్షించడం) అంటే మత్తివ్వాలి, రిపోర్టు కోసం ఆగాలి. ఈలోగా కుక్క చిక్కిపోతుంది. అరుదైన జబ్బుల గురించి చదివి టెన్షన్ పడకండి.

వసంత:
భాస్కర్ గారూ, ఇక్కడ మీతో ఒప్పుకోలేను. మా బాక్సర్ కుక్కకి కూడా ఇదే చెప్పి స్టెరాయిడ్ ఇచ్చారు. పది రోజులు కాస్త తేరుకుంది. తర్వాత ఒక సాయంత్రం బంతి విసిరితే, అది కాళ్ల దగ్గరే ఆగినా కనిపించక నేలంతా వాసన చూస్తూ తిరిగింది. లైటు వేసి చూస్తే రెండు కళ్లూ మబ్బు పట్టినట్టున్నాయి. అప్పుడు తేలింది, ప్రోటోథీకా అని.

అది బ్యాక్టీరియా కాదు, ఫంగస్ కాదు. పత్రహరితం పోగొట్టుకున్న నాచు. 1894లోనే దానికి పేరు పెట్టారు. మురుగునీటిలో, తడి మట్టిలో ఉంటుంది. చాలా కుక్కలకు ఏమీ చేయదు. కానీ పట్టుకున్నదాంట్లో పెద్దపేగుతో మొదలై కళ్లకు, కిడ్నీలకు, మెదడుకు పాకుతుంది. అలాంటప్పుడు రోగనిరోధక శక్తిని అణిచే మందివ్వడమంటే దానికి దారి తెరిచినట్టే.

భాస్కర్:
మీ బాధ అర్థమైంది. కానీ ముందే తెలిసినా ఏం చేసేవారు? ఆంఫోటెరిసిన్, ఇట్రాకొనజోల్ లాంటి ఫంగస్ మందులు ఇచ్చినా పాకిన ప్రోటోథీకా నుంచి బయటపడేవి చాలా అరుదు.

వసంత:
కనీసం మా చేత్తో మేం హాని చేసేవాళ్లం కాదు. ఇంకో సంగతి. వెతికితే దొరికేది ప్రోటోథీకా ఒక్కటే కాదు. హిస్టోప్లాస్మా అనే ఫంగస్ ఉంటే ఇట్రాకొనజోల్‌తో చాలా కుక్కలు కోలుకుంటాయి. బాక్సర్లలో వచ్చే గ్రాన్యులోమా కోలైటిస్ అనే పెద్దపేగు వాపు జబ్బునే చూడండి. 1965లో మొదట వర్ణించారు. రోగనిరోధక వ్యవస్థ తేడా అనుకుంటూ దశాబ్దాలపాటు స్టెరాయిడ్లు ఇచ్చారు, పెద్దగా ఫలితం లేదు. పేగు కణాల్లోకి దూరిన ఈ.కోలై బ్యాక్టీరియా అక్కడుందని 2006లో చూపించారు. మందుకి లొంగే రకమైతే ఎన్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌తో నయమవుతుంది.

పైగా మొదటి పరీక్షకి సాధారణంగా మత్తు కూడా అక్కర్లేదు. గ్లవ్ వేసుకుని మలద్వారం లోపలి పొరని కాస్త గీరి, స్లైడ్ మీద రాసి, రంగు వేసి చూస్తారు. ప్రోటోథీకా అయితే గుండ్రటి గోడ లోపల గదులు గదులుగా కనిపిస్తుంది.

భాస్కర్:
గీరి చూడడానికి నాకేం అభ్యంతరం లేదు, అది నిమిషాల పని. నేను వద్దన్నది వారాలు ఆగడాన్ని. అల్బుమిన్ (రక్తంలోని ప్రోటీన్) బాగా పడిపోయిన కుక్క అన్నాళ్లు ఆగలేదు. స్లైడ్‌లో కనిపించనంత మాత్రాన లేదని కూడా కాదు కదా.

అరుణ:
అల్బుమిన్ ఇంకా నార్మల్‌గానే ఉంది. రేపు స్లైడ్ చూడమని అడుగుతాను. ప్రెడ్నిసోలోన్ ఈ రాత్రి మొదలుపెట్టడం లేదు.

వసంత:
కళ్లు కూడా చూడమనండి, లోపలిదాకా. మూత్రం కల్చర్‌కి (అందులో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే పరీక్షకి) పంపమనండి. మా దాంట్లో చివరికి దొరికింది అక్కడే.