కొవ్వు తగ్గించుకునే రోజుల్లో జిమ్‌లో ఎత్తే బరువులు కూడా తగ్గించాలా?

ప్రశ్న:

నా వయసు 36, ఎత్తు 172 సెంటీమీటర్లు. పది వారాల కిందట 84 కిలోలు ఉండేవాడిని. రోజుకు సుమారు 1,800 కేలరీలకు మించకుండా తింటూ ఇప్పుడు 78 కిలోలకు వచ్చాను. నడుము తగ్గినందుకు సంతోషమే గాని, 60 కిలోలతో ఎనిమిది సార్లు చేసే బెంచ్ ప్రెస్ (బల్ల మీద పడుకుని బరువును పైకి నెట్టడం) ఇప్పుడు ఐదు దగ్గరే ఆగిపోతోంది. కొవ్వు కరగాలంటే బరువును సగానికి దించి సెట్టుకు, అంటే ఆగకుండా చేసే ఒక్కో విడతకు, పాతిక రెప్స్ (పాతిక సార్లు) చేయాలని, ఆపైన గంటసేపు ట్రెడ్‌మిల్ మీద నడవాలని మా కోచ్ అంటున్నారు. ఉదయం రెండు గుడ్లు, మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, రాత్రి రెండు పుల్కాలు, గ్లాసు మజ్జిగ నా ఆహారం. కండ కూడా కరిగిపోతోందేమోనని నా అనుమానం. తెలిసినవారు చెప్పగలరు.

మొదటి జవాబు:

బరువు దించకండి. కొవ్వును కరిగించేది కేలరీల లోటే, అంటే ఖర్చయ్యేదానికన్నా తక్కువ తినడమే తప్ప రెప్స్ సంఖ్య కాదు. ఇక కండ విషయానికి వస్తే, ఇంత బరువు ఎత్తవలసిన అవసరం ఇంకా ఉందని శరీరానికి తెలుస్తున్నంత కాలం అది కండను అంత తేలికగా వదులుకోదు. తేలిక బరువులతోనూ, ఇక చేయలేనన్నంత వరకు చేస్తే, కండ నిలుస్తుంది. అయితే తక్కువ తింటున్న మనిషికి పాతికేసి రెప్స్ మిగిల్చే అలసట తక్కువది కాదు. కనుక 60 కిలోలతో ఐదే వస్తే ఐదే చేసి, నాలుగైదు సెట్లు చేస్తున్నచోట మూడుకు తగ్గించండి. పైగా పిండిపదార్థం తగ్గినప్పుడు కండరాలలోని గ్లైకోజెన్ (నిల్వ ఉండే పిండిపదార్థం), దానితోపాటు గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీరు తగ్గుతాయి కాబట్టి, రెండు మూడు రెప్స్ తగ్గినంత మాత్రాన కండ పోయిందని నిర్ణయించలేము. వారానికి 600 గ్రాములు తగ్గడం అతి వేగమేమీ కాదు.

రెండవ జవాబు:

నాకు లోపం పళ్లెంలో కనిపిస్తోంది. పప్పు తింటున్నాం కదా, ప్రోటీన్‌కు ఏం తక్కువ అని మన ఇళ్లలో అందరూ అనుకునేదే. ఆ పలుచని పప్పులో మీ వంతుకు వచ్చే కందిపప్పు 50 గ్రాములున్నా 11 గ్రాముల ప్రోటీనే. గుడ్లవి 12, మిగతావన్నీ కలిపినా మొత్తం 45 దాటడం కష్టం. మీ బరువుకు కిలోకు 1.6 గ్రాముల చొప్పున 125 గ్రాములు కావాలి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 2016లో ప్రచురించిన అధ్యయనంలో, 40 మంది యువకులు నాలుగు వారాలు 40 శాతం కేలరీల లోటులో ఉంటూ కఠినంగా వ్యాయామం చేశారు. కిలోకు 2.4 గ్రాములు తిన్నవారికి కొవ్వు తగ్గుతూనే కొవ్వేతర బరువు 1.2 కిలోలు పెరిగింది, 1.2 గ్రాములు తిన్నవారికి ఉన్నది నిలిచింది. మీరు ఆ రెండవ వర్గం కన్నా కూడా కింద ఉన్నారు.

ప్రశ్న అడిగినవారు:

ధన్యవాదాలండీ. శనివారాలు మా ఇంట్లో నీచు ముట్టరు, గుడ్డుతో సహా. ఆ రోజు ఎలా?

రెండవ జవాబు రాసినవారు:

పొడి మీల్ మేకర్ 50 గ్రాములు కూరలో వేస్తే 25 గ్రాముల ప్రోటీన్ వస్తుంది. దానికి పన్నీరు, గట్టి పెరుగు, ఒక స్కూప్ వే ప్రోటీన్ (పాల నుంచి తీసే ప్రోటీన్ పొడి) తోడు చేసుకోండి. అయితే తాలింపు నూనెను కొలిచి పోయండి, ఒక పెద్ద చెంచాకే 120 కేలరీలు. మూత్రపిండాల సమస్య ఏదైనా ఉంటే మాత్రం ముందు వైద్యుణ్ణి అడిగిన తరువాతే ప్రోటీన్ పెంచండి.